మొహమాటం ఇంట్లో పెట్టి రండి: సెప్టెంబరు గూస్ వేటకు ఇద్దరు మిత్రుల సన్నాహం

అందరికీ నమస్కారం.

శనివారం సాయంత్రం, అదీ ఆగస్టు ఎండలో, ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. మీలో కొందరికి వేట అన్న మాటే గిట్టదని నాకు తెలుసు. మా ఆవిడ కూడా మాంసం ముట్టదు. ఆ అభిప్రాయం మీద నాకు గౌరవం ఉంది. అయితే ఇక్కడ మిన్నెసోటాలో మనవాళ్ళు ఒక్కొక్కరుగా గూస్ వేటకి, అంటే పెద్ద బాతు లాంటి అడవి పిట్ట వేటకి, వెళ్ళడం మొదలుపెట్టారు. ఎక్కువమంది ఎవరో ఒక స్నేహితుడు పిలిస్తే వెళ్తున్నారు. వెళ్ళేవాళ్ళు సరిగ్గా సిద్ధపడి వెళ్ళాలి. ఆ తపనతోనే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

ముందు ఒక సంగతి చెప్తాను. ఇంతవరకూ నలుగురిలో చెప్పలేదు.

రెండేళ్ళ కిందట, నా మొదటి సీజన్. నన్ను తీసుకెళ్ళినాయన మా కైకలూరు వైపు మనిషి, నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆయన్ని నేను అన్నా అంటాను. కోసేసిన గోధుమ చేలో, చీకటి ఇంకా పూర్తిగా విడవకముందే, బ్లైండ్లలో పడుకుని ఉన్నాం. బ్లైండ్ అంటే గడ్డి కప్పుకుని వెల్లకిలా పడుకునే గుడారం లాంటిది, ఒక మనిషికి సరిపోయేంత. మా ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం. వెనకనుంచి గూస్‌ల అరుపు వినిపించింది. అన్న తల తిప్పి చూశాడు. తలతో పాటు తుపాకీ కూడా తిరిగింది. గొట్టం నా ముఖం మీదుగా అటునుంచి ఇటు వెళ్ళింది. ఆ గొట్టం అంచున ఒక మంచు బొట్టు ఉంది. రెండు సెకన్లు, అంతే. సేఫ్టీ, అంటే తుపాకీ పేలకుండా ఆపే మీట, వేసే ఉంది, వేలు ట్రిగ్గర్ మీద లేదు. ఏమీ కాలేదు.

నేను ఏమీ అనలేదు. పెద్దవాడు, పిలుచుకొచ్చినవాడు, నా చేతిలో ఉన్న తుపాకీ కూడా ఆయనదే. ఏమనుకుంటాడో అని ఊరుకున్నాను. ఆ పొద్దంతా గడ్డి కింద పడుకుని ఒకటే టెన్షన్. తిరిగి వచ్చేటప్పుడు కార్లో కూడా వాతావరణం గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. వారం తర్వాత ఫోన్లో చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు, "అలా తిప్పడం నా తప్పు. అప్పుడే చెప్పకపోవడం నీ తప్పు తమ్ముడూ. నా తప్పుని సేఫ్టీ కాపాడింది. నీ తప్పు అదే మళ్ళీ జరగనిచ్చేది."

ఆ రోజునుంచీ వేటకి ముందు శుక్రవారం రాత్రి మేమిద్దరం ఒక గంట కూర్చుని మాట్లాడుకుంటాం. సామాను సర్దుకోవడం ఆ తర్వాతే. మనం మాట పడనివ్వం, మాట అననూ అనం. పెళ్ళిపందిట్లో అది మర్యాదే. తుపాకీ ఉన్నచోట మాత్రం అదే ప్రాణం తీస్తుంది. అందుకని మేము ఒక మాట ఖాయం చేసుకున్నాం: "ఆగు." అన్నా లేదు, అండీ లేదు, ఆగండి కూడా లేదు. ఎవరు అన్నా సరే, ఎందుకన్నా సరే, రెండోవాడు గొట్టం ఆకాశంలోకి పెట్టి ఆగిపోవాలి. కారణం తర్వాత అడగొచ్చు. ఆయనకన్నా ఆరేళ్ళు చిన్నవాణ్ణి, ఆయన్ని "ఆగు" అనడం నాకు మొదట్లో ఎంత కష్టమైందో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు.

ఆ గంటలో ఖాయం చేసుకునేవి ఇంకొన్ని ఉన్నాయి. ఎడమవైపు పడుకున్నవాడు ఎడమ ఆకాశమే చూడాలి, కుడివైపువాడు కుడివైపే. పిట్ట మధ్యగీత దాటితే అది అవతలివాడిది. తుపాకీ ఎప్పుడు ఎత్తాలో ఒక్కడే చెప్పాలి, ఆ ఒక్కడెవరో ముందే తేలాలి. పడిన పిట్టని తేవడానికి ఒకడు లేచి వెళ్తే రెండోవాడు తుపాకీ ఖాళీ చేసి కింద పెట్టాలి. వినడానికి చిన్న సంగతులే. తెల్లారుజామున, గుండె దడదడలాడుతున్నప్పుడు, కొత్తగా ఆలోచించి నిర్ణయించుకునేవి మాత్రం కావు.

ఇక ఈ పిట్ట సంగతి. మన ఆఫీసు చెరువుల పక్కన, పార్కుల్లో గడ్డి మేస్తూ తిరిగే కెనడా గూస్ ఇది. నల్లటి మెడ, గడ్డం కింద తెల్ల పట్టీ. వీటిలో పెద్ద జాతి ఒకటుంది, జెయింట్ కెనడా గూస్ అంటారు. అది పూర్తిగా అంతరించిపోయిందని ఒకప్పుడు శాస్త్రవేత్తలే అనుకున్నారు. 1962 జనవరిలో హెరాల్డ్ హాన్సన్ అనే ఇల్లినాయి శాస్త్రవేత్త మన రోచెస్టర్‌లో, సిల్వర్ లేక్ మీద, అవి బతికే ఉన్నాయని గుర్తించాడు. అప్పట్లో పవర్ ప్లాంటు వదిలే వేడినీళ్ళ వల్ల ఆ చెరువు చలికాలంలో కూడా గడ్డకట్టకపోవడంతో గుంపంతా అక్కడ చేరేది. రోచెస్టర్‌లో ఉన్న మనవాళ్ళు వాకింగ్‌కి వెళ్ళే చెరువే అది. పోయాయనుకున్న జాతి ఈరోజు చేలు మేసేసేంతగా పెరిగింది. ఆ చెరువు గట్టున నిలబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

సెప్టెంబరు మొదట్లోనే ఒక ప్రత్యేక సీజన్ ఎందుకు పెట్టారంటే, ఉత్తరాన కెనడా నుంచి వలస గుంపులు దిగేలోపు ఇక్కడే పుట్టి పెరిగిన ఈ స్థానిక గూస్‌ల సంఖ్యని అదుపులో ఉంచడానికి. జూన్, జూలైలో ఇవి రెక్క ఈకలన్నీ ఒకేసారి రాల్చేస్తాయి. దాదాపు నెలరోజులు ఎగరలేవు. ఆగస్టుకి కొత్త ఈకలొస్తాయి. సెప్టెంబరులో అమ్మా నాన్నా, ఆ ఏటి పిల్లలూ కలిసి కుటుంబాలుగా తిరుగుతుంటాయి. ఈ "కుటుంబాలు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

కాగితాల సంగతి కొంచెం శ్రద్ధగా వినండి. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు ఈ దేశంలో తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. స్నేహితుడి తుపాకీ కాసేపు చేతిలోకి తీసుకున్నా అది వర్తించొచ్చు. గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే చట్టంలో మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్స్, తర్వాతే తుపాకీ. రేంజ్‌లో, అంటే కాల్చడం సాధన చేసే చోట, సరదాగా ఒక్కసారి కాల్చి చూద్దామన్నా సరే, ఇదే వరస. మీ పరిస్థితి ఏమిటో ఇమిగ్రేషన్ లాయర్ని ఒకసారి అడగండి. మిత్రుడు పిలిచాడని, కాదంటే బాగుండదని వెళ్ళి స్టేటస్ పోగొట్టుకోవద్దు. మొహమాటం ఇక్కడ కూడా పనికిరాదు.

మిన్నెసోటాలో 1979 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళు తుపాకీ భద్రత కోర్సు పూర్తి చేస్తేనే లైసెన్స్ ఇస్తారు. పదహారేళ్ళు నిండినవాళ్ళకి ఫెడరల్ డక్ స్టాంప్, అంటే నీటి పిట్టల వేటకి కొనాల్సిన స్టాంపు, కావాలి. 1934 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఇప్పుడు 25 డాలర్లు. ఆ డబ్బులో ప్రతి డాలరుకీ 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ కాపాడటానికీ వెళ్తాయి. స్టాంపు మీద పెన్నుతో సంతకం చెయ్యడం మరిచిపోకండి. రోజుకి ఎన్ని కొట్టొచ్చు, ఏ తేదీనుంచి అన్నది ఏ ఏటికాయేడు డీఎన్‌ఆర్, అంటే రాష్ట్ర సహజ వనరుల శాఖ, వేసే పుస్తకంలోనే చూసుకోవాలి, పోయినేడు ఇంతే అనుకోవద్దు.

తూటాలో సీసం ఉండకూడదు. నీటి పిట్టల వేటలో సీసాన్ని 1991 నుంచి దేశమంతటా నిషేధించారు. ఎందుకో మనకి ఇట్టే అర్థమవుతుంది, కందనకాయ తెలిసినవాళ్ళం కదా. ఈ పిట్టలు గింజలు అరగడానికి చిన్న రాళ్ళు మింగుతాయి. చెరువు అడుగున పడి ఉన్న సీసపు గుళ్ళని కూడా రాళ్ళనుకుని మింగేవి. అవి కందనకాయలో నలిగి నలిగి రక్తంలోకి విషం ఎక్కేది. ఆ పిట్టల్ని తిన్న డేగలూ చచ్చిపోయేవి. ఇప్పుడు స్టీల్ గుళ్ళు వాడతాం. స్టీల్ తేలిక కాబట్టి దూరం వెళ్ళేసరికి ఊపు తగ్గిపోతుంది. గూస్‌కి బీబీ లేదా రెండో నంబరు సైజు గుళ్ళు తీసుకుంటాం. ఆగస్టులోనే పెద్ద కాగితం ఒకటి నిలబెట్టి, 35 గజాల నుంచి కాల్చి, గుళ్ళు ఎలా పరుచుకున్నాయో చూసుకోవాలి. నా తుపాకీ గుళ్ళని కొంచెం ఎడమకి వేస్తుందని ఆ కాగితమే నాకు చెప్పింది.

అసలు పని మాత్రం చేలో, వారం ముందునుంచే మొదలవుతుంది. గూస్‌లు రాత్రి చెరువులో ఉంటాయి, పొద్దున్నే మేతకి చేలల్లోకి వస్తాయి, సాయంత్రం మళ్ళీ వస్తాయి. కంకర రోడ్ల మీద నెమ్మదిగా కారు నడుపుతూ, బైనాక్యులర్స్‌తో ఏ చేలో, చేలో ఏ మూల దిగుతున్నాయో రాసుకోవాలి. గోధుమ, ఓట్స్ కోసిన చేలు, పశువుల మేత కోసం ముందుగా కోసేసిన మొక్కజొన్న. అవి రాత్రి పడుకునే చెరువు దగ్గర మాత్రం వేటాడొద్దు. అక్కడ బెదిరితే ఆ చుట్టుపక్కలే ఉండవు.

చేను దొరికాక రైతు తలుపు తట్టాలి. నాకు ఈ పనే అన్నిటికన్నా భయం. ఈ రాష్ట్రంలో వ్యవసాయ భూమిలోకి వెళ్ళాలంటే బోర్డు ఉన్నా లేకపోయినా అనుమతి కావాల్సిందే. మేము మామూలు బట్టల్లో వెళ్తాం, తుపాకీలు ఇంట్లోనే ఉంటాయి. మొదటిసారి ఆ పెద్దాయన ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. గ్రీజు చేత్తోనే లేచి వచ్చాడు. అన్న ముందు గోధుమ దిగుబడి గురించి అడిగాడు. మా నాన్న వరి రైతు అని నేను చెప్పాను. ఆయన వెంటనే అడిగింది నీళ్ళ గురించి, కాలవా బోరా అని! ఇరవై నిమిషాలు మాట్లాడి, చివర్లో ఒక్కటే చెప్పాడు: నేల తడిగా ఉంటే చేలోకి కారు తేవద్దు.

మేము ఇంకోటి అడగాలి. అడగడానికి నోరు రాలేదు, అయినా అడిగాం: చేలో ఎవరైనా గింజలు చల్లారా? పిట్టల్ని రప్పించడానికి గింజ చల్లిన చోట వేట నేరం. గింజలన్నీ తీసేశాక కూడా పది రోజులు ఆ చోటు నిషిద్ధమే. కోతలో మామూలుగా రాలిన గింజకి అభ్యంతరం లేదు. నాకు తెలియదంటే ఆఫీసరు ఒప్పుకోడు, తెలుసుకోవాల్సిన బాధ్యత వేటగాడిదే. ఆయన ఏమీ అనుకోలేదు, చల్లలేదని చెప్పాడు. వేట అయ్యాక ఖాళీ తూటా తొడుగులన్నీ ఏరి, గేటు ఎలా ఉందో అలాగే వేసి, మా ఆవిడ చేసిన జంతికలు ఒక డబ్బా ఇచ్చి వచ్చాం. మరుసటేడు ఆయనే ఫోన్ చేశాడు.

డికాయ్‌లు అంటే బొమ్మ పిట్టలు. మనవైపు పిట్టలు పట్టేవాళ్ళు దీమం అంటారు, అదే పద్ధతి. ఇప్పుడు ఆ "కుటుంబాలు" అన్న మాట దగ్గరికి వద్దాం. అక్టోబరులో లాగా వందలకొద్దీ బొమ్మలు అక్కర్లేదు. రెండు డజన్లు చాలు, నాలుగైదు చొప్పున గుంపులుగా, కుటుంబాల్లా పెట్టాలి. గూస్ గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి మనం గాలి వీపుకి తగిలేలా పడుకుని, ముందు దిగడానికి ఖాళీ వదలాలి. సెప్టెంబరులో మంచు బొట్లు బాగా పడతాయి, బొమ్మలు తడిసి మెరుస్తాయి. నిజం పిట్ట అలా మెరవదు. అందుకని వెలుగొచ్చేలోపు ఒక పాత లుంగీ గుడ్డతో ఒక్కో బొమ్మ వీపూ తుడుస్తాం. నాకు ఆ వేటలో అన్నిటికన్నా ఇష్టమైన పావుగంట అదే. బ్లైండుకి కూడా ఆ చేలో గడ్డే కొయ్యకాళ్ళతో సహా దోపాలి, వేరే చేలో గడ్డి రంగు తేడాగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా దూరంగా ఉన్న బొమ్మని 35 పెద్ద అంగలు లెక్కబెట్టి అక్కడ పెడతాం. దాని అవతల ఉన్న పిట్ట మీద తుపాకీ ఎత్తం. గాయపడి ఎక్కడో పడి చచ్చే పిట్టని చూస్తే ఆ రోజు అన్నం సహించదు. కొట్టిన ప్రతి పిట్టనీ వెతికి తేవాలి, అది చట్టం కూడా.

ఎండ గురించి ఒక్క మాట. పొద్దున తొమ్మిదికల్లా వేడెక్కిపోతుంది, దోమలు సరేసరి. ఐస్ నింపిన పెట్టె లేకుండా బయల్దేరొద్దు. పిట్ట పడిన వెంటనే కడుపు శుభ్రం చేసి చల్లబరచాలి. ఇంటికి చేరేదాకా తల గానీ ఈకలున్న ఒక రెక్క గానీ ఉంచాలి, ఏ పిట్టో గుర్తుపట్టడానికి. కాలికి అల్యూమినియం కడియం కనిపిస్తే ఆ నంబరు ప్రభుత్వానికి పంపండి. ఆ పిట్ట ఎక్కడ, ఎప్పుడు కడియం వేయించుకుందో మీకు తిరిగి చెప్తారు. కూర సంగతి అంటారా, ఇది కోడికూర కాదు, ఎర్రటి మాంసం. మటన్ లాగే చూడాలి. కాళ్ళు కుక్కర్లో ఎక్కువసేపు ఉడకాలి.

కొల్లేటి పక్కన పెరిగిన అన్నని ఒకసారి అడిగాను, అక్కడ కూడా ఇలా వెళ్ళేవాళ్ళా అని. ఇండియాలో 1972 చట్టం, ఆ తర్వాతి సవరణలతో వేట ఆగింది, కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది. అక్కడి పిట్టల్ని కళ్ళతో చూసి రావాల్సిందే. అలాగే ఉండాలని ఆయనా అంటాడు, నేనూ అంటాను. రెండు దేశాల లెక్కలు వేరు.

పోయిన సెప్టెంబరు సంగతొకటి చెప్పి ముగిస్తాను. ఆరు గూస్‌లు, ఒక కుటుంబం, బొమ్మల మీదికి వచ్చాయి. ఎప్పుడు ఎత్తాలో చెప్పేవాడు అన్న. ఆయన భుజం కదలడం నాకు కనిపించింది. నా వైపునుంచి చూస్తే అవి ఇంకా చివరి బొమ్మకి చాలా అవతల ఉన్నాయి. "ఆగు," అన్నాను. గొట్టం ఆకాశంలోకి లేచి నిలిచిపోయింది. గూస్‌లు ఒక చుట్టు తిరిగాయి, గాలికి ఎదురుగా మళ్ళాయి, రెక్కలు బిగబట్టి నల్లటి కాళ్ళు కిందికి చాపాయి. వాటి రెక్కల్లో గాలి చప్పుడు నాకు వినిపిస్తోంది. అప్పుడు అన్న నెమ్మదిగా అడిగాడు, "ఇప్పుడు?"