ఎల్ఫ్‌మేటర్: తన్ను మాయమై కొలత మిగిలిన మాట

అందరికీ నమస్కారం. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ కిక్ ఉంది కదా, దాన్ని జర్మన్లు ఎల్ఫ్‌మేటర్ అంటారు. ఎల్ఫ్ అంటే పదకొండు, మేటర్ అంటే మీటరు, అంతే. తప్పు, శిక్ష, తన్నడం, ఇవేవీ అందులో లేవు. పూర్తి మాట ఎల్ఫ్‌మేటర్‌ష్టోస్, ఆ చివరి ష్టోసే తన్ను. వాడగా వాడగా అది ఊడిపోయి కొలత ఒక్కటే మిగిలింది, దాన్నీ కత్తిరించి ఇప్పుడు ఎల్ఫర్ అనేస్తున్నారు. రూల్స్ పుస్తకంలో మాత్రం బుద్ధిగా ష్ట్రాఫ్‌ష్టోస్, శిక్షగా ఇచ్చే తన్ను అని రాసుకుంటారు.

నన్నడిగితే అసలు మజా ఎల్ఫ్‌లో ఉంది. పాత జర్మన్‌లో అది ఐన్‌లిఫ్: ఐన్ ఒకటి, లిఫ్ మిగిలినది. పది లెక్కపెట్టాక ఇంకొకటి మిగిలిందని అర్థం. ఇంగ్లిష్ ఇలెవెన్ పుట్టుకా ఇదే. మన పాత తెలుగు పదునొకండులో పదీ ఒకటీ రెండూ కనిపిస్తాయి, వాళ్ల మాటలో పది ఊసే లేదు!

మీటరేమో గ్రీకు మాట నుంచి ఫ్రెంచివాళ్లు చేసుకున్నది, జర్మనీలో 1872 నుంచి తప్పనిసరి అయింది. ఇక పెనాల్టీ ఆలోచన ఐర్లండ్‌లో మిల్‌ఫర్డ్ ఊరి గోల్‌కీపర్ విలియం మెక్రమ్‌ది, 1891లో నిబంధన అయింది. అందులో దూరం 12 గజాలు, అంటే 10.97 మీటర్లు. ఆ మూడు సెంటీమీటర్ల తేడా ఎవరికీ పట్టలేదు లెండి.

ఇంగ్లిష్ మాటే ఉంచుకోవచ్చుగా అంటారా? అప్పట్లో ఇంగ్లండ్ ఆటంటే జర్మనీలో చాలామందికి ఒళ్లు మంట. 1898లో కార్ల్ ప్లాంక్ అనే జిమ్నాస్టిక్స్ టీచరు ఫుట్‌బాల్‌ని 'ఇంగ్లిష్ జబ్బు' అని తిడుతూ ఏకంగా ఒక చిన్న పుస్తకమే వేశాడు. అంతకు ముందే, 1874లో, బ్రౌన్‌ష్వైగ్‌లో తన బడిపిల్లలతో ఈ ఆట మొదలుపెట్టించిన కొన్రాడ్ కోహ్ అనే ఇంకో టీచరుకి, ఇది మన ఆటే అని పెద్దల్ని ఒప్పించాలంటే ముందు మాటలు మార్చాలని తెలుసు, అందుకే గోల్‌కి టోర్ లాంటి జర్మన్ మాటల కోసం గట్టిగా వాదించాడు. ఎల్ఫ్‌మేటర్ ఆ గాలిలో నిలదొక్కుకున్న మాటే. స్విట్జర్లాండ్‌లో జర్మన్ మాట్లాడేవాళ్లకి ఈ గొడవ పట్టలేదు, వాళ్లకి ఇప్పటికీ అది పెనాల్టీయే, కార్నర్ కార్నరే, గోల్‌కీపర్ గోలీయే.