33 ఇన్నింగ్స్, 19 మంది ప్రేక్షకులు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట బేస్‌బాల్ గురించి మాట్లాడతాను. కంగారు పడకండి, రూల్స్ జోలికి ఎక్కువగా పోను. మామూలుగా ఆట 9 ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి. అప్పటికీ స్కోర్లు సమానంగా ఉంటే పదోది, తర్వాత పదకొండోది, అలా ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడుతూనే ఉండాలి. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

అమెరికాలో టీవీలో కనిపించే పెద్ద జట్ల కింద మైనర్ లీగ్ జట్లు ఉంటాయి. పెద్ద జట్టుకి కావలసిన కుర్రాళ్ళు ఇక్కడ తయారవుతారు. అందుకే ఇక్కడ ఆడేవాళ్ళెవరికీ ఇక్కడే ఉండిపోవాలని ఉండదు. ఎప్పుడు పైనుంచి పిలుపు వస్తుందా, ఎప్పుడు వెళ్ళిపోదామా అనే ఉంటుంది. ఉండిపోయేది అభిమానులే.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాటకెట్ అని ఒక పాత మిల్లుల ఊరు. బోస్టన్ రెడ్ సాక్స్ అనే పెద్ద జట్టుకి అక్కడొక మైనర్ లీగ్ జట్టు ఉండేది, పాటకెట్ రెడ్ సాక్స్. ముద్దుగా పాసాక్స్ అనేవారు. వాళ్ళ మైదానం పేరు మెక్‌కాయ్ స్టేడియం.

1981 ఏప్రిల్ 18, శనివారం రాత్రి. తెల్లవారితే ఈస్టర్. రోచెస్టర్ రెడ్ వింగ్స్‌తో మ్యాచ్. వచ్చిన ప్రేక్షకులు 1,740 మంది. ఒకటే చలి, దానికి తోడు ఎదురుగాలి. 9 ఇన్నింగ్స్ అయ్యేసరికి 1-1. పదోది అయింది, పదిహేనోది అయింది, ఇరవయ్యోది కూడా అయింది. 21వ ఇన్నింగ్స్‌లో రోచెస్టర్ ఒక పరుగు తీసింది. హమ్మయ్య, ఇంటికి పోవచ్చు అనుకున్నారందరూ. అప్పుడు పాటకెట్ కుర్రాడు వేడ్ బాగ్స్ కొట్టిన దెబ్బకి మళ్ళీ 2-2. సొంత జట్టువాళ్ళకే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు!

మరి ఆపొచ్చు కదా అంటారా? అర్ధరాత్రి దాటాక ఫలానా టైము తర్వాత కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని లీగ్‌లో నియమం ఉండేది. కానీ అంపైర్ల చేతిలో ఉన్న పుస్తకంలో ఆ నియమం అచ్చు కాలేదు. పుస్తకంలో లేదు కాబట్టి ఆట నడిచింది. ఆటగాళ్ళు విరిగిన బ్యాట్లు డ్రమ్ములో వేసి మంట పెట్టుకుని చలి కాచుకున్నారు. లూయిస్ అపాంటే అనే బౌలర్‌ని, అంటే పిచర్‌ని, ముందుగా ఇంటికి పంపేశారు. తెల్లవారుజామున తలుపు కొడితే, ఇంతసేపూ మ్యాచ్‌లోనే ఉన్నానంటే భార్య ఒక పట్టాన నమ్మలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకైతే ఆవిడ పక్షమే న్యాయం అనిపిస్తుంది.

చివరికి లీగ్ అధ్యక్షుడు ఫోన్‌లో దొరికాడు. ఆపండి అన్నాడు. టైము 4 గంటల 7 నిమిషాలు. 32 ఇన్నింగ్స్ అయ్యాయి. స్కోరు ఇంకా 2-2. స్టాండ్స్‌లో మిగిలినవాళ్ళు 19 మంది. పందొమ్మిది మంది! తర్వాత ఆ 19 మందికీ జట్టు ఉచిత పాస్‌లు ఇచ్చింది.

మిగతా ఆట జూన్ 23న. అప్పటికి పెద్ద లీగ్ ఆటగాళ్ళు సమ్మెలో ఉన్నారు. దాంతో విలేకరులందరూ ఈ చిన్న ఊరికే వచ్చిపడ్డారు. స్టేడియం నిండిపోయింది, 5,746 మంది. ఆట మాత్రం 33వ ఇన్నింగ్స్‌లోనే, 18 నిమిషాల్లో అయిపోయింది. డేవ్ కోజా కొట్టాడు, పాటకెట్ 3-2తో గెలిచింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంత పొడుగు ఆట ఇంకోటి లేదు.

ఆ మ్యాచ్‌లో ఆడిన బాగ్స్, రోచెస్టర్ తరఫున ఆడిన కాల్ రిప్కెన్ ఇద్దరూ తర్వాత బేస్‌బాల్ దిగ్గజాలకి దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు. గెలిపించిన కోజాకి మాత్రం పైనుంచి పిలుపు రానేలేదు. ఒక్క మ్యాచ్ కూడా పెద్ద లీగ్‌లో ఆడలేదు. నాకు ఈ కథలో బాగా ఇష్టమైనవాడు ఆయనే.

1977లో దివాలా తీసిన పాటకెట్ జట్టుని కొని నిలబెట్టింది బెన్ మోండర్ అనే మిల్లు యజమాని. టికెట్టు ధర కుటుంబాలకి అందుబాటులో ఉంచాడు. మెక్‌కాయ్‌లో ప్రేక్షకుల సీట్లు ఎత్తులో ఉండేవి, ఆటగాళ్ళు కూర్చునే చోటు వాటి కింద. అందుకని పిల్లలు ప్లాస్టిక్ పాల డబ్బా కోసి, అందులో బంతీ పెన్నూ పెట్టి, బావిలోకి చేద దించినట్టు తాడుతో కిందికి దించేవారు. ఆటగాడు సంతకం చేస్తే పైకి లాగేసుకోవడమే.

ఇప్పుడు ఆ జట్టు అక్కడ లేదు. కొత్త స్టేడియం బేరం కుదరక, 2021లో పొరుగు రాష్ట్రంలోని వూస్టర్‌కి వెళ్ళిపోయింది. 2020 సీజన్‌ని కోవిడ్ మింగేసింది కాబట్టి వీడ్కోలు మ్యాచ్ కూడా దక్కలేదు. ఆటగాళ్ళు వెళ్ళిపోవడం ఆ ఊరికి అలవాటే. జట్టుకి జట్టే వెళ్ళిపోతుందని మాత్రం ఎవరనుకుంటారు?

టైము అయిపోతోంది, ఒక్క మాట. వేసవిలో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. దగ్గర్లో మైనర్ లీగ్ జట్టు ఉందేమో అడగండి. పెద్ద లీగ్ మ్యాచ్ కన్నా టికెట్టు బాగా చవక, ఆటగాళ్ళు దగ్గరగా కనిపిస్తారు. రాత్రి మ్యాచ్ అయితే స్వెటర్ మరిచిపోకండి. ముందు వల లేని చోట కూర్చుంటే ఫోన్ చూసుకోవద్దు, బంతి చాలా వేగంగా వస్తుంది. అలా వచ్చిన బంతి మీ చేతికి చిక్కిందా, క్రికెట్‌లో లాగా తిరిగి విసరక్కర్లేదు. అది మీదే, ఇంటికి తెచ్చుకోవచ్చు.