ఫొటో రాగ్ 308, రాగ్ ఫొటోగ్రాఫిక్ 310: ఏ ఫొటోకి ఏ కాగితం?

[దృశ్యం: బల్ల మీద పక్కపక్కనే రెండు తెల్ల కాగితాలు]

ఎడమవైపుది హానెమ్యూలే కంపెనీ ఫొటో రాగ్, 308 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరు కాగితం 308 గ్రాముల బరువు). కుడివైపుది కాన్సన్ కంపెనీ రాగ్ ఫొటోగ్రాఫిక్, 310 జీఎస్‌ఎం. రెండూ పూర్తిగా పత్తి కాగితాలే, రెండూ మ్యాటే, అంటే మెరుపు లేనివే. దూరం నుంచి చూస్తే తేడా పట్టుకోలేం. వేలితో తడిమి చూడండి: ఫొటో రాగ్‌కి కాస్త గరుకు తగులుతుంది, కాన్సన్ నున్నగా ఉంటుంది. ముఖం ఫొటోలో చర్మం మీది సన్నని వివరాలు కావాలంటే నేనైతే కాన్సన్ తీసుకుంటాను. పాత గోడలు, పొగమంచు, చెట్ల బెరడు లాంటివి ఫొటో రాగ్ మీద బాగా నప్పుతాయి.

[దృశ్యం: లైట్లు ఆర్పి, యూవీ టార్చి వేస్తూ]

ఫొటో రాగ్‌లో ఆప్టికల్ బ్రైటెనర్ కొద్దిగా ఉంది. అది యూవీని పీల్చుకుని నీలి వెలుగుగా తిరిగిస్తుంది, అందుకే కాగితం మరింత తెల్లగా కనిపిస్తుంది. యూవీని ఆపే అద్దం వెనక ఆ అదనపు తెలుపు తగ్గిపోతుంది. కాన్సన్‌లో బ్రైటెనర్ లేదు.

[తెర: ప్రింట్ సెట్టింగులు]

పోలిక ఎక్కువగా ఇక్కడే చెడుతుంది. ఒకే ప్రొఫైల్‌తో (ఆ ప్రింటర్, ఆ కాగితం మీద రంగులు ఎలా రావాలో చెప్పే ఫైలు) రెండు కాగితాల మీదా ప్రింట్ తీసి, ఒకదాంట్లో రంగు తేడాగా వచ్చిందంటారు. తప్పు కాగితానిది కాదు. మీ ప్రింటర్ మోడల్‌కి తగిన ఐసీసీ ప్రొఫైల్ ఏ కాగితానికి ఆ కాగితానిదే కంపెనీ సైటు నుంచి దింపుకోండి. దానితో వచ్చే సూచనల్లో చెప్పిన మీడియా టైపే పెట్టండి, ఎందుకంటే ఎంత ఇంకు పడాలో నిర్ణయించేది అదే. ఫొటోషాప్ రంగుల్ని చూసుకుంటుంటే డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. రెండూ పనిచేస్తే రంగు రెండుసార్లు మారుతుంది.

పరీక్షకి ఆర్జీబీ విలువలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానంగా) 0 నుంచి 30 దాకా అయిదేసి చొప్పున నల్లటి గళ్లు వేయండి. ఏ గడి నుంచి పక్కగడితో తేడా తెలుస్తోందో చూడండి. నీడల్లో ఆ కాగితం సత్తా అంతే.

రాత్రి దృశ్యాలకి మ్యాట్ నలుపు చాలకపోతే కాన్సన్ వారి ప్లాటిన్ ఫైబర్ రాగ్ లాంటి నిగనిగలాడే పత్తి కాగితం వాడండి. దానికి ఫొటో బ్లాక్ ఇంకే కావాలి. మ్యాట్ బ్లాక్ వేస్తే చేతికి అంటుకుంటుంది.

[దృశ్యం: మెత్తని బ్రష్‌తో కాగితం తుడుస్తూ]

పత్తి కాగితాలకి నూగు రాలుతుంది. ప్రింట్ అయ్యాక ఆ రేణువు ఊడితే అక్కడ తెల్లచుక్క మిగులుతుంది, దాన్ని సరిచేయలేం. అందుకే ప్రింటర్‌లో పెట్టే ముందే తుడవాలి. విశాఖ లాంటి తేమ ఊళ్లలో కాగితం అంచులు లేచి, ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్‌కి రాసుకుంటాయి. మిగిలిన షీట్లను సంచిలో మూసి బల్లపరుపుగా ఉంచండి, ప్లాటెన్ గ్యాప్ (హెడ్‌కీ కాగితానికీ మధ్య ఎడం) పెంచండి.

ప్రింట్‌ని 24 గంటలు ఆరనివ్వండి. పచ్చిమీద అద్దం బిగిస్తే లోపలివైపు పొగలాంటి మసక పడుతుంది.