మా చానల్‌కి మానిటైజేషన్ ఎందుకు ఆన్ చేయలేదంటే...

హాయ్ అండీ, అందరికీ నమస్తే. మా ఊరు, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇవాళ ఎండ బాగా కాస్తోంది. రేపు కార్యసిద్ధి హనుమాన్ గుడికి పులిహోర తీసుకెళ్ళాలి. ఇదిగో, చింతపండు పులుసు పొయ్యి మీద పెట్టాను. అది దగ్గరపడేలోపు మీరు ఎప్పటినుంచో అడుగుతున్న దానికి జవాబు చెప్తాను.

"అక్కా, మానిటైజేషన్‌కి, అంటే యాడ్ల మీద డబ్బులు రావడానికి కావాల్సిన 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటల వాచ్‌టైమ్ ఎప్పుడో దాటేసి ఉంటారు, డబ్బులు ఎందుకు తీసుకోవట్లేదు?" అని కదా! మీకు మధ్యలో యాడ్ కనిపించినా అది యూట్యూబ్ వేసుకున్నదే, నాకు పైసా రాదు.

మావారిది హెచ్1బి, అంటే అమెరికాలో ఉద్యోగం చేసుకునే వీసా. నేను హెచ్4 మీద ఉన్నాను, అది హెచ్1బి వాళ్ళ భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చే వీసా. హెచ్4 వాళ్ళు చదువుకోవచ్చు, కారు నడపొచ్చు, గుడిలో సేవ చేయొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. 2015 మే 26 నుంచి కొందరికి ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. అయితే దానికి భర్తకి ఐ-140, అంటే గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయి ఉండాలి, లేదంటే హెచ్1 ఆరేళ్ళు దాటి పొడిగింపులో ఉండాలి. మాకింకా ఏదీ లేదు. యూట్యూబ్ ఆదాయం ఉద్యోగం కిందికి వస్తుందా అంటే తలా ఒకమాట చెప్తారు. "అమ్మ పేరు మీద ఇండియా అకౌంట్‌లో వేయించుకో, ఎవరికి తెలుస్తుంది?" అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ "ఎవరికి తెలుస్తుంది" దగ్గరే నాకు మనసొప్పదు. భయమూ ఉందనుకోండి, రేపెప్పుడైనా వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ అమెరికా కాన్సులేట్‌లో నిలబడాల్సింది నేనే కదా!

అసలు గుబులు వేరే. నేను విజయవాడలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. జీతం చిన్నదే, కానీ అమ్మకి చీర కొనాలంటే ఎవర్నీ అడిగే పనుండేది కాదు. ఇక్కడికొచ్చిన కొత్తలో కుంకుడుకాయల ప్యాకెట్ కూడా కార్ట్‌లో వేసి, ధర చూసి, మళ్ళీ తీసి అక్కడే పెట్టేసేదాన్ని. మావారు ఏనాడూ లెక్క అడగలేదండీ. అయినా చెయ్యి వెనక్కి వచ్చేసేది.

ఆయన చూస్తూనే ఉన్నారు. పెద్ద పెద్ద మాటలేం చెప్పలేదు. "ముందు లర్నర్ పర్మిట్ తీసుకో" అన్నారంతే. టెక్సాస్‌లో రాతపరీక్షకి 30 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. పేపర్లు దిద్దినదాన్ని, అది నాకో లెక్కా! రోడ్ టెస్ట్‌లో పారలల్ పార్కింగ్ ఉంటుంది, టెన్షన్ అంతా దాంతోనే. ఆదివారం పూట ఖాళీగా ఉండే స్కూల్ పార్కింగ్‌లో ఆయన పక్కన కూర్చుని నేర్పించారు. పెళ్ళానికి కారు నేర్పిస్తూ అరవని మగాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఈయనా అరిచారు. నేను దిగి, "ఇంటిదాకా మీరే నడపండి" అని పక్క సీట్లో కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే టీ పెట్టి తెచ్చారు, పక్కనే కారు తాళాలు. సారీ అన్న మాట ఆయన నోటమ్మట రాదు లెండి. నాకదే ఎక్కువ.

లైసెన్స్ వచ్చాక పక్క వీధి పిన్నిగారిని గుడికి తీసుకెళ్తున్నాను. విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చారు. పొద్దున అందరూ వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఆ గోడలే తోడు. మొదటిసారి కారెక్కుతూ, "మీ ఆయన్ని అడగక్కర్లేదా అమ్మా?" అన్నారు.

"చెప్తాను పిన్నిగారూ, అడగను" అన్నాను. ఆవిడ ఒక నిమిషం నా మొహం చూసి నవ్వేసి సీట్ బెల్ట్ ఎలా పెట్టుకోవాలో చూపించమన్నారు.

వారాంతంలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి లెక్కలు చెప్తున్నాను, ఫీజు లేదు. "ఊరికే ఎందుకు చెప్తావే?" అని అమ్మ ఫోన్‌లో కోప్పడుతుంది. బోర్డు ముందు నిలబడితే నా గొంతు నాకు తిరిగొస్తుంది, అది అమ్మకి ఎలా చెప్పాలో తెలియక "కాలక్షేపం" అని ఊరుకుంటాను.

కుంకుడుకాయల ధర ఇప్పుడూ చూస్తున్నాను. ఈ దేశంలో దాని రేటు అలా ఉంది మరి! కానీ కొంటున్నాను.

ఐ-140 అప్రూవ్ అయిన రోజున ఈఏడీ కోసం పెట్టే ఐ-765 దరఖాస్తు నింపడానికి కూర్చుంటాను. ఈఏడీ చేతికొచ్చాక మొదట ఉద్యోగాల వేట, ఆ తర్వాత మానిటైజేషన్ కూడా ఆన్ చేస్తాను, మొహమాటమేం లేదు. అప్పుడు మాత్రం యాడ్ వస్తే స్కిప్ కొట్టకండే!