షాపులో సేవ్ చేసింది ఇంట్లో తెరుచుకోవాలంటే: క్లౌడ్ సింక్ సంగతులు

(స్క్రీన్ మీద: ఎడమవైపు ల్యాప్‌టాప్, కుడివైపు ఫోన్. రెండింటిలోనూ ‘శుభలేఖలు’ అనే ఫోల్డర్ తెరిచి ఉంది.)

నమస్తే. ఈ ల్యాప్‌టాప్‌లో ఒక ఫైల్ డిలీట్ చేస్తున్నాను, మీరు ఫోన్ వైపు చూడండి. ఒక్క క్షణం... పోయింది. ఫోన్‌ను నేను ముట్టుకోనే లేదు.

క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా ఒక కంపెనీ కంప్యూటర్లలో పెడితే ఫైల్ భద్రంగా ఉంటుందని అందరూ అంటారు కదా, మరి ఇదేంటి? సింక్ అంటే ఇదే. ఒక చోట ఏం జరిగితే మిగతా అన్ని చోట్లా అదే జరిగేలా చూడటం దాని పని. కొత్త ఫైల్ పెడితే అంతటా చేరుతుంది, మారిస్తే అంతటా మారుతుంది, తీసేస్తే అంతటా పోతుంది. మీరు కావాలని తీసేశారా, చెయ్యి తగిలి తీసేశారా అని అది అడగదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సెట్టింగుల గోల సగం తగ్గుతుంది.

(స్క్రీన్ మీద: హన్మకొండ చౌరస్తా, సాయంత్రం రద్దీ. తర్వాత ఒక చిన్న షాపు లోపల, రెండు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్.)

చౌరస్తా దగ్గర అన్నదమ్ములిద్దరు నడిపే డీటీపీ షాపు ఒకటి ఉందనుకుందాం. పెళ్లిళ్ల సీజన్. పగలంతా షాపు సిస్టమ్‌లో శుభలేఖలు, ఫ్లెక్సీలు. రాత్రి మిగిలిన పని కాజీపేటలో ఇంట్లో, ల్యాప్‌టాప్ మీద. మధ్యలో తిరిగేది పెన్‌డ్రైవ్. దాన్ని రోజూ నలుగురి సిస్టమ్‌లలో పెడతారు, ఏదో ఒక రోజు ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోతాయి. ఆ వైరస్ చూడని నెట్ సెంటర్ వాళ్లు మన దగ్గర ఉన్నారా అసలు?

ఈ పెన్‌డ్రైవ్ పని మాన్పించడానికే సింక్. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్, ఏదైనా పద్ధతి దాదాపు ఒకటే. కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుని, మీరు చూపించిన ఫోల్డర్‌ను కనిపెట్టుకుని ఉంటుంది. ఏ ఫైల్ మారినా దాన్ని కంపెనీ సర్వర్‌కు, అంటే వాళ్ల పెద్ద కంప్యూటర్‌కు పంపుతుంది. అదే అకౌంట్‌తో లాగిన్ అయిన రెండో కంప్యూటర్‌కు సర్వర్ నుంచి కబురు వెళ్తుంది, అది కొత్త రూపాన్ని దించుకుంటుంది.

ఉచితంగా ఎంత ఇస్తారు? గూగుల్ 15 జీబీ, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ. గూగుల్ 15 చూసి మురిసిపోకండి. అందులో జీమెయిల్‌కు, ఫొటోలకు, డ్రైవ్‌కు కలిపి వాటా. 2021 జూన్ నుంచి ఫోన్ బ్యాకప్ చేసే కొత్త ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. అది నిండితే జీమెయిల్‌కు మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది. షాపు పనికి విడిగా ఒక అకౌంట్ తెరవడం మంచిదని నేననేది అందుకే. ఇంట్లో పిల్లల వీడియోలు, కస్టమర్ల ఫైళ్లు ఒకే సంచిలో ఎందుకు?

(స్క్రీన్ మీద: గూగుల్ డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ అయి, ప్రిఫరెన్సెస్ విండో తెరుచుకుంది. కర్సర్ రెండు ఆప్షన్ల మధ్య ఆగింది.)

ఇక్కడ కాసేపు ఆగుదాం. గూగుల్ డ్రైవ్ కంప్యూటర్ యాప్‌లో మీకు రెండు దారులు కనిపిస్తాయి: స్ట్రీమ్ ఫైల్స్, మిర్రర్ ఫైల్స్. స్ట్రీమ్ పెడితే మీ కంప్యూటర్‌లో కొత్తగా ఒక డ్రైవ్ కనిపిస్తుంది, చాలామందికి అది జీ అనే అక్షరంతో వస్తుంది. ఫైళ్ల పేర్లన్నీ అందులో ఉంటాయి. అసలు ఫైల్ మాత్రం తెరిచినప్పుడే నెట్ నుంచి దిగుతుంది. హార్డ్‌డిస్క్ చిన్నదైతే ఇది మేలు. నెట్ పోతే మాత్రం, ముందే ఆఫ్‌లైన్‌కు పెట్టుకోని ఫైల్ తెరుచుకోదు. కస్టమర్ ఎదురుగా కూర్చున్నప్పుడు అది పెద్ద టెన్షన్.

మిర్రర్ పెడితే ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోనూ ఉంటాయి, క్లౌడ్‌లోనూ ఉంటాయి. జాగా ఎక్కువ పడుతుంది, కానీ నెట్ లేకపోయినా పని ఆగదు. డీటీపీ షాపుకు నేనైతే మిర్రరే చెప్తాను, రెండో ఆలోచన లేదు.

వన్‌డ్రైవ్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. కొత్త విండోస్ సిస్టమ్‌లో సెటప్ అప్పుడు సరే సరే అని నొక్కుకుంటూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ చేతిలోకి వెళ్లిపోతాయి. డెస్క్‌టాప్ మీద పెళ్లి ఫొటోలు పెట్టుకునే అలవాటున్న వాళ్లకు 5 జీబీ ఎంతసేపు? నిండిందని గోల మొదలవుతుంది. అప్పుడు చాలామంది జాగా చేద్దామని ఫైళ్లు డిలీట్ చేస్తారు. ‘కంప్యూటర్‌లో తీసేశాను, క్లౌడ్‌లో ఉంటుంది కదా’ అనుకుంటారు. ఉండదు. మొదట్లో ఫోన్‌లో చూశారు కదా, అదే కథ.

(స్క్రీన్ మీద: ఫైల్ మీద రైట్ క్లిక్. ‘ఫ్రీ అప్ స్పేస్’ పక్కన ఎర్రటి బాణం.)

కంప్యూటర్‌లో జాగా కావాలంటే డిలీట్ నొక్కొద్దు. రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కండి. ఫైల్ క్లౌడ్‌లోనే ఉంటుంది, ఇక్కడ పేరు మాత్రం మిగులుతుంది, పక్కన నీలం రంగు మేఘం గుర్తు వస్తుంది. ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ నొక్కితే ఫైల్ మళ్లీ ఇక్కడికి దిగి, నిండు ఆకుపచ్చ గుండ్రం మీద టిక్ కనిపిస్తుంది. అయితే ఇది కంప్యూటర్ డిస్క్‌లో ఖాళీ చేస్తుంది తప్ప, క్లౌడ్‌లో నిండిన ఆ 5 జీబీని ఖాళీ చేయదు. దానికి ఫైళ్లను వేరే హార్డ్‌డిస్క్‌లోకి మార్చుకోవాలి, లేదా డబ్బు కట్టాలి.

పొరపాటున డిలీట్ అయితే? వెంటనే బ్రౌజర్‌లో డ్రైవ్ తెరిచి ట్రాష్ చూడండి. గూగుల్‌లో 30 రోజులు ఉంటుంది, వన్‌డ్రైవ్ సొంత అకౌంట్లలో కూడా 30 రోజులే. ఆ తర్వాత ఎవరినీ అడిగి లాభం లేదు.

సరే, ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం.

(స్క్రీన్ మీద: ఒకే శుభలేఖ, పక్కపక్కనే రెండు కాపీలు. ఒకదాంట్లో ముహూర్తం ఉదయం 10:42, రెండోదాంట్లో 10:24.)

షాపులో నెట్ పోయింది. తమ్ముడు అది గమనించకుండా ముహూర్తం 10:42 అని దిద్ది సేవ్ చేశాడు. అదే సమయంలో ఇంట్లో అన్న పాత ఫైలే తెరిచి, వధువు తండ్రి పేరు సరిచేసి సేవ్ చేశాడు. రాత్రి షాపులో నెట్ వచ్చింది. ఇప్పుడు ఏది సరైనది? సింక్ ప్రోగ్రామ్‌కు తెలియదు. డ్రాప్‌బాక్స్ అయితే రెండోదానికి పేరు తగిలించి ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అని పక్కన పెడుతుంది. వన్‌డ్రైవ్ ఫైల్ పేరు చివర కంప్యూటర్ పేరు చేరుస్తుంది. ఒకదాంట్లో ముహూర్తం సరైనది, ఇంకోదాంట్లో పేరు సరైనది. తెల్లారి హడావుడిలో ఏదో ఒకటి ప్రింటుకు వెళ్లిందంటే అన్ని కార్డులూ దండగ.

‘అన్నా, నువ్వు ఫైల్ మూసినవా?’

‘మూసిన తమ్ముడూ, సింక్ అయిందని పచ్చ గుర్తు కూడా వచ్చింది. నువ్వు ఇగ తెరువు.’

ఈ రెండు మాటల ఫోన్ కాల్ కన్నా మంచి సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. పని అయ్యాక సేవ్ చేయాలి, ఫైల్ మూయాలి, సింక్ పూర్తయ్యాకే సిస్టమ్ ఆపాలి. కరెంటు పోయిందని యూపీఎస్ మోగుతుంటే టక్కున ఆపేస్తే ఆ చివరి మార్పు షాపులోనే ఉండిపోతుంది.

ఇంకో చిక్కు మన తెలుగు అక్షరాలతో వచ్చేది. మన డీటీపీ షాపుల్లో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. దాని 7.0 వెర్షన్ 2001 నాటిది, అయినా దాన్ని వదల్లేకపోతున్నారు. అందులో వాడే పాత ‘అను’ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో లేవు. తెరమీద ‘శ్రీరస్తు’ అని కనిపిస్తున్నా, ఫైల్ లోపల ఉండేవి వేరే అక్షరాల కోడ్లు. ఫాంట్ ఉంటేనే అది తెలుగులా కనిపిస్తుంది. మీరు సింక్ చేసింది ఫైల్‌ను మాత్రమే. ఫాంట్ షాపు సిస్టమ్‌లో విండోస్ ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. ఇంట్లో తెరిస్తే శ్రీరస్తు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. సింక్ చెడగొట్టిందని తిట్టుకుంటారు, పాపం దాని తప్పేం లేదు. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ రెండో కంప్యూటర్‌లో కూడా ఇన్‌స్టాల్ అయి ఉండాలి. ఫైల్‌లో వాడిన ఫొటోలు కూడా డెస్క్‌టాప్ మీద ఒకటి, డౌన్‌లోడ్స్‌లో ఒకటి కాకుండా అదే ఫోల్డర్‌లో పెట్టాలి. కస్టమర్‌కు చూపించడానికైతే ఫాంట్లు లోపలే చేర్చిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ తీసి అదే ఫోల్డర్‌లో వేయండి, ఎవరి ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది.

ఫోన్ మాటొచ్చింది కాబట్టి: ఆండ్రాయిడ్‌లో డ్రైవ్ యాప్ ఫైళ్లను చూపిస్తుంది, అన్నిటినీ దించి పెట్టదు. కావాల్సిన దాని పక్కన మూడు చుక్కలు నొక్కి ‘మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ ఎంచుకోండి.

మొదటిసారి అప్‌లోడ్‌కు మాత్రం ఓపిక కావాలి. 9 జీబీ ఫైళ్లున్నాయనుకోండి, మీ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ ఉంటే రెండు గంటలు. ఫోన్ హాట్‌స్పాట్ మీద 2 ఎంబీపీఎస్ వస్తే పది గంటలు, పైగా రోజుకు 2 జీబీ ప్యాక్ మధ్యలోనే అయిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటి దగ్గర రాత్రి పెట్టి పడుకోండి.

(స్క్రీన్ మీద: నెట్ సెంటర్, బ్రౌజర్‌లో లాగిన్ పేజీ.)

యూనివర్సిటీ పిల్లలకు ఒక మాట. హాల్ టికెట్ ప్రింటుకు నెట్ సెంటర్‌కు వెళ్లి అక్కడి సిస్టమ్‌లో సింక్ యాప్‌లోకి లాగిన్ అవ్వకండి. ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, ప్రింట్ తీసుకుని, సైన్ అవుట్ చేసి రండి. మర్చిపోయారా, ఫోన్‌లో గూగుల్ అకౌంట్ సెట్టింగుల్లో మీ డివైస్‌ల జాబితా ఉంటుంది, అక్కడి నుంచే దాన్ని బయటికి పంపొచ్చు. టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ, లేనివాళ్లు ఈ వీడియో ఆపి అది ముందు పెట్టుకోండి.

ఇంత చెప్పినా, క్లౌడ్ వద్దని మాత్రం అనను. 2023 జులై వరదలప్పుడు వరంగల్, హన్మకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో చూశాం. నేలమీద ఉన్న సీపీయూ మునిగితే దాని పక్కనే ఉన్న హార్డ్‌డిస్క్ కూడా మునుగుతుంది. అప్పుడు ఊరి బయట ఉన్న కాపీ ఒక్కటే దిక్కు. అలాగని సింక్ ఒక్కటే ఉంటే, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చిన రోజు ఆ తాళం పడ్డ ఫైళ్లే క్లౌడ్‌కూ వెళ్తాయి. పాత వెర్షన్లు వెనక్కి తెచ్చుకోవచ్చు, గూగుల్‌లో మామూలు ఫైళ్లకు 30 రోజులు లేదా 100 వెర్షన్ల వరకు, కానీ వందల ఫైళ్లను అలా ఒక్కొక్కటిగా వెనక్కి తేవడం మామూలు పని కాదు.

కాబట్టి సింక్ ఫోల్డర్‌తో పాటు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనండి. ఆదివారం షాపు మూసే ముందు తగిలించి, ఆ వారం ఫోల్డర్‌ను తేదీ పేరుతో కాపీ చేసి, వైరు పీకి, ఇంటికి పట్టుకెళ్లండి. వైరు పీకడం మాత్రం మర్చిపోవద్దు. తగిలించి ఉంచితే వైరస్ అందులోకీ వెళ్తుంది.