ఓటుతో పనిలేని కుర్చీ: జడ్జి నియామకం ఫైలు ఎక్కడ ఆగుతుంది?

అందరికీ నమస్కారం.

సర్పంచిని ఎన్నుకుంటాం, ఎమ్మెల్యేని, ఎంపీని ఎన్నుకుంటాం. హైకోర్టు జడ్జిని మాత్రం ఎన్నుకోం. అయినా లక్షల ఓట్లతో గెలిచినవాళ్లు చేసిన చట్టాన్ని ఆ జడ్జి కొట్టేయొచ్చు. ప్రజాస్వామ్యంలో ఇదెక్కడి లెక్క అని అడిగేవాళ్లకు 1975 చూపిస్తే చాలు.

ఆ ఏడాది జూన్ 12న అలహాబాద్ హైకోర్టు జడ్జి జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్నారు. ఆగస్టుకల్లా పార్లమెంటు 39వ సవరణ తెచ్చింది. ప్రధాని ఎన్నిక జోలికి కోర్టులు పోకూడదు, వచ్చిన తీర్పూ చెల్లదు అని దాని సారాంశం. నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఆమె ఎన్నికను మాత్రం నిలబెట్టింది. ఎన్నికల చట్టాన్ని పాత తేదీ నుంచి వర్తించేలా అప్పటికే మార్చేశారు మరి. అంటే కోర్టు అప్పుడు పూర్తిగా గెలవలేదు. కానీ గెలిచినవాళ్లు తమ కేసులో తామే తీర్పు రాసుకోకూడదన్న గీత నిలిచింది. వచ్చే ఎన్నికల భయం ఉన్నవాళ్లు ఆ గీత గీయలేరు.

మరి ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చేదెవరు? 1949 మే 24న రాజ్యాంగ సభలో, ప్రధాన న్యాయమూర్తి సమ్మతి తప్పనిసరి చేయాలన్న సూచనను అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తీ మనలాంటి మనిషే, రాగద్వేషాలు ఆయనకూ ఉంటాయి, ఒక్కరి చేతిలో వీటో పెట్టలేం అన్నది అంబేడ్కర్ వాదన. అందుకే జడ్జీల నియామకం గురించి చెప్పే రాజ్యాంగం 124, 217 అధికరణాల్లో ‘సంప్రదింపు’ అనే ఉంది. ఆ సంప్రదింపును ప్రభుత్వం ఎలా వాడుకోగలదో 1973లో తెలిసింది. రాజ్యాంగాన్ని సవరించే పార్లమెంటు అధికారానికి హద్దు గీసిన కేశవానంద భారతి తీర్పు ఏప్రిల్ 24న వచ్చింది. రెండు రోజులు తిరక్కుండానే ముగ్గురు సీనియర్లను పక్కనపెట్టి జస్టిస్ ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఎమర్జెన్సీలో నిర్బంధంలో ఉన్నవాళ్లు విడుదల కోసం కోర్టుకు వెళ్లలేరని తేల్చిన హెబియస్ కార్పస్ కేసులో ఒంటరిగా విభేదించిన జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నాకు 1977లో అదే గతి పట్టింది.

ఈ దెబ్బల జ్ఞాపకంతోనే 1993 సుప్రీంకోర్టు తీర్పు కొలీజియాన్ని, అంటే జడ్జీల పేర్లను సీనియర్ జడ్జీలే తేల్చే పద్ధతిని తెచ్చింది. దాని స్థానంలో కమిషన్ పెట్టాలన్న 99వ సవరణను 2015 అక్టోబరు 16న 4–1తో కొట్టేశారు. విభేదించిన ఆ ఒక్కరూ కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

ఇక వాదన పక్కనపెట్టి ఫైలు వెంట నడుద్దాం. హైకోర్టులో ఖాళీ రావడానికి కనీసం ఆరు నెలల ముందే ప్రధాన న్యాయమూర్తి, తర్వాతి ఇద్దరు సీనియర్లు కలిసి పేర్లు పంపాలి. ముఖ్యమంత్రి సలహాతో గవర్నర్ ఆరు వారాల్లో అభిప్రాయం చెప్పాలి. చెప్పకపోతే అభ్యంతరం లేనట్టే. ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) నివేదిక వస్తుంది. ఢిల్లీలో భారత ప్రధాన న్యాయమూర్తి (సీజేఐ), ఇద్దరు సీనియర్లు ఉన్న కొలీజియం చూస్తుంది. తర్వాత న్యాయశాఖ, ప్రధాని, రాష్ట్రపతి. ప్రభుత్వం ఒకసారి వెనక్కి పంపొచ్చు. కొలీజియం ఏకగ్రీవంగా మళ్లీ అదే పేరు పంపితే నియమించి తీరాలి. మూడు నాలుగు వారాల్లో నియమించాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు దాటితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ‘వద్దు’ అంటే కారణం రాయాలి, దానికి జవాబొస్తుంది. ఏమీ అనకుండా ఫైలు మీద కూర్చుంటే ఏ గొడవా లేదు. ఐదు పేర్లు వెళ్లాయనుకోండి. మూడు ఖాయమై, మొదటి పేరు ఎనిమిది నెలలు ఆగింది. సీనియారిటీ ప్రమాణం చేసిన రోజు నుంచే. వెనక పేరువాళ్లు ముందుకెళ్లిపోయారు. పదేళ్ల తర్వాత ప్రధాన న్యాయమూర్తి ఎవరు, కొలీజియంలో కూర్చునేదెవరు అన్నది ఈ ఎనిమిది నెలల మీదే తేలుతుంది. ఈలోగా ఆ లాయరు దగ్గరికి కొత్త క్లయింటు రాడు, ‘రేపోమాపో జడ్జి అవుతాడుగా’ అని. విసిగిపోయి సమ్మతి వెనక్కి తీసుకున్నవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో ఇది బాహాటంగా పక్కనపెట్టడం కన్నా ప్రమాదం. 1973లో కనీసం పేపర్లలో మొదటి పేజీ వార్త అయింది.

ఇంకో బలహీనత 224వ అధికరణం. కొత్త జడ్జి అదనపు జడ్జిగా గరిష్ఠంగా రెండేళ్లు, తర్వాతే శాశ్వతం. ఆ శాశ్వతం ఫైలూ ప్రభుత్వం మీదుగానే వెళ్లాలి. ఆ రెండేళ్లూ ఆయన ముందున్న కేసుల్లో పెద్ద కక్షిదారు ప్రభుత్వమే.

తొలగింపు కష్టమే, కష్టంగానే ఉండాలి. నోటీసుకు వంద మంది లోక్‌సభ సభ్యులో, యాభై మంది రాజ్యసభ సభ్యులో కావాలి. ముగ్గురి విచారణ సంఘం, ఆపైన రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులకు తగ్గకుండా ఓట్లు. 1993 మేలో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వి.రామస్వామి మీద లోక్‌సభలో తీర్మానానికి 196 మంది ఓటేశారు, 205 మంది సభలో ఉండి కూడా ఓటేయలేదు, అది వీగిపోయింది. తొలగింపుకు తక్కువైన శిక్ష ఏదీ రాజ్యాంగంలో లేకపోవడమే ఇక్కడ లోపం.

లా విద్యార్థులకు ఒక పని చెప్తాను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన జడ్జి పదవులు 37, తెలంగాణకు 42. కొలీజియం తీర్మానాలు 2017 అక్టోబరు నుంచి సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. మన రెండు హైకోర్టుల తీర్మానాలు తీసి, ప్రతి పేరు పక్కన రెండు తేదీలు రాయండి: తీర్మానం తేదీ, న్యాయశాఖ నోటిఫికేషన్ తేదీ. ఒకే తీర్మానంలో వెళ్లిన పేర్ల మధ్య తేడా వస్తే అక్కడ గీత గీసి, ఆ పేరు ఏ వరుసలో ఉండేదో, ఇప్పుడు ఏ వరుసలో ఉందో చూడండి.