లేక్ లేనియర్‌లో మా బోటు, దాని ఇన్సూరెన్సు

శ్రోతలందరికీ నమస్కారం. అట్లాంటాకు ఉత్తరాన, మేముండే కమ్మింగ్‌కు దగ్గర్లోనే లేక్ లేనియర్ ఉంది. 1950లలో చటహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన సరస్సు అది. దాదాపు 38 వేల ఎకరాల నీళ్ళు. ఎండలు మొదలయ్యాయంటే శనివారాలు అక్కడ బోట్ల ర్యాంపు దగ్గర తెలుగు మాటలు గట్టిగానే వినపడతాయి. పులిహోర డబ్బాలు, కూలర్లు, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, అందరూ ఒకే బోటులో.

మూడేళ్ళ కిందట మేం నాలుగు కుటుంబాల వాళ్ళం కలిసి ఒక పాత పాంటూన్ బోటు, అంటే లోహపు గొట్టాల మీద తేలే బల్లపరుపు పడవ, కొన్నాం. 32 వేల డాలర్లు. ఇన్సూరెన్సు తీసుకునే పని నాకు అప్పజెప్పారు. నేను చూసింది ఒక్కటే, ఏడాదికి ఎంత కట్టాలని. అన్నిటికన్నా చవకగా ఉన్నది తీసుకుని, పనైపోయిందనుకున్నాను.

ఆ వేసవిలోనే రాజమండ్రి నుంచి వచ్చిన మా నాన్న డాక్ మీంచి బోటులోకి అడుగు వేస్తూ జారిపడ్డారు. మణికట్టు విరిగింది. "గోదావరి ఈదినవాణ్ణిరా నేను" అని ఎమర్జెన్సీ రూమ్‌లో కూడా అంటూనే ఉన్నారు. ఆ రాత్రి మొదటిసారి పాలసీ కాగితాలు తీసి చదివాను. మెడికల్ పేమెంట్స్ అన్న చోట 1,000 డాలర్లు అని ఉంది. వచ్చిన బిల్లులకు అది ఏ మూలకూ చాలలేదు.

ఈ మెడికల్ పేమెంట్స్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బోటులో ఉన్నవాళ్ళకు దెబ్బ తగిలితే, తప్పెవరిదని అడగకుండా వైద్యానికి ఇచ్చే డబ్బు ఇది. లయబిలిటీ అలా కాదు. మీ తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగితేనే అది పనికొస్తుంది. నాన్న జారడంలో ఎవరి తప్పూ లేదు, కాబట్టి లయబిలిటీ ఎంత ఉన్నా ఒకటే. వయసు మీదపడిన అమ్మానాన్నల్ని ఎక్కించుకునే మనలాంటి వాళ్ళు ఈ అంకెను 5 వేలకో 10 వేలకో పెంచుకోవాలి. దానికి అదనంగా కట్టాల్సింది పెద్దగా ఉండదు.

ఇక లయబిలిటీ. "ఇంటికి ఇన్సూరెన్సు ఉందిగా, బోటు కూడా అందులోకే వస్తుంది" అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. సాధారణంగా హోమ్ పాలసీలో పడవకూ ట్రైలరుకూ కలిపి ఇచ్చేది 1,500 డాలర్లే. మోటారు కాస్త పెద్దదైతే లయబిలిటీ అసలు వర్తించకపోవచ్చు. మీ బోటు వెనకాల ట్యూబ్ మీద వెళ్తున్న పక్కింటి పిల్లాడికి ఏమైనా అయితే కోర్టులో అడిగే మొత్తం ముందు బోటు ధర ఎంత? అందుకే నేనైతే ముందు 3 లక్షలో 5 లక్షలో లయబిలిటీ పెట్టుకుని, ఆ తర్వాతే బోటు విలువ దగ్గరికి వస్తాను. బోట్లు నిలుపుకునే మరీనాలు కూడా చాలావరకు ఆ మాత్రం కాగితం చూపిస్తేనే స్లిప్, అంటే బోటు కట్టేసుకునే చోటు, ఇస్తాయి.

ఇంకో మాట. బోటుకు ఇన్సూరెన్సు ఉండి తీరాలనే చట్టం అర్కెన్సా, యూటా లాంటి ఒకటి రెండు రాష్ట్రాల్లో తప్ప లేదు. మా జార్జియా రాష్ట్రంలో లేదు. అంటే మిమ్మల్ని గుద్దినవాడి దగ్గర ఏ పాలసీ లేకపోవచ్చు. అన్‌ఇన్సూర్డ్ బోటర్ కవరేజీ అలాంటప్పటి కోసమే.

బోటు విలువ రెండు రకాలుగా రాస్తారు. అగ్రీడ్ వాల్యూ అయితే, బోటు పూర్తిగా పోయినప్పుడు ముందు ఒప్పుకున్న మొత్తం ఇస్తారు. యాక్చువల్ క్యాష్ వాల్యూ అయితే, పోయిన రోజున దాని మార్కెట్ ధర ఎంతో లెక్కగట్టి అంతే ఇస్తారు. రెండోది చవక. నేను తీసుకుంది అదే, వేరే చెప్పాలా! డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందు మనం భరించాల్సిన వాటా, కూడా చూసుకోండి. కొన్నిటిలో అది శాతంలో ఉంటుంది. 32 వేలకు 2 శాతం అంటే 640 డాలర్లు మీ జేబులోంచి.

బోటు మునగడం అనగానే తుఫాను, పెద్ద అలలు గుర్తొస్తాయి. నిజానికి నడిచేటప్పటి కంటే డాక్‌కు కట్టేసి ఉన్నప్పుడే ఎక్కువ బోట్లు మునుగుతాయి. ఏదో రబ్బరు గొట్టం చిరుగుతుంది, వాన పడుతుంది, పంపు బ్యాటరీ దిగిపోతుంది. అరిగిపోయిన గొట్టానికి ఏ కంపెనీ డబ్బివ్వదు. కానీ దానివల్ల బోటు మునిగితే ఇస్తారా అన్నది పాలసీని బట్టి మారుతుంది. మునిగినదాన్ని పైకి తీయించే బాధ్యత కూడా మీదే. ఆ ఖర్చు విడిగా ఇస్తారా, బోటుకిచ్చే మొత్తంలోంచి కోస్తారా అని అడగండి. ఈ ప్రశ్న వేసినప్పుడు మా ఏజెంటు ఫోన్ పెట్టేసి, కనుక్కుని మళ్ళీ చేశాడు.

చలికాలం గురించి రెండు ముక్కలు. ఇంజన్లో నీళ్ళు గడ్డకట్టి బ్లాకు పగిలితే చాలా పాలసీలు ఇవ్వవు. వింటరైజింగ్, అంటే చలికి పాడవకుండా ఇంజన్‌ను సిద్ధం చేసే పని, చేయించిన రసీదు దాచుకోండి.

అసలు మా బోటుకు ఉన్న చిక్కు వేరు. కొన్నది నలుగురం, పాలసీలో ఉన్నది నా పేరు ఒక్కటే. మిగతా ముగ్గురూ ఎప్పుడు పడితే అప్పుడు తాళం తీసుకెళ్ళేవాళ్ళు. స్నేహితులే కదా అని మనం అనుకుంటాం, కంపెనీ యజమాని ఎవరని చూస్తుంది. ఎక్కువమంది యజమానులుంటే కొన్ని కంపెనీలు పాలసీయే ఇవ్వవు. పైగా మాలో ఒకాయన, ఖర్చులకు వస్తాయని, బోటును యాప్‌లో అద్దెకు పెడదామన్నాడు. అద్దెకిస్తే మామూలు పాలసీ చెల్లదు. గ్యాస్ (పెట్రోలు) డబ్బులు ఇష్టంగా పంచుకోవడం వేరు, తలకింతని వసూలు చేయడం వేరు. దానికి లైసెన్సున్న కెప్టెనూ వేరే పాలసీ కావాలి. ఆ మాట చెప్పాక ఆయన రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పోయిన నెల పాలసీ మార్చాం. నాలుగు పేర్లూ ఎక్కించాం, ఎవరెవరు నడుపుతారో రాసిచ్చాం. ఏడాదికి కట్టేది పెరిగింది, నాలుగు భాగాలు చేసుకున్నాం. జూన్లో నాన్న మళ్ళీ వస్తున్నారు. డాక్ మీద ఆయన జారిన చోట రబ్బరు మ్యాట్ కొట్టించాను. నమస్కారం.